మా అంగడిలో బయటి గ్లాసులు

రాజపాళయంలో పంజు మార్కెట్ వెనక సందులో మా ముత్తాత పెట్టిన పత్తి అంగడి ఒకటుంది. తాళం పడి ఇరవై ఏళ్లు దాటింది. తాళంచెవి చిన్నాన్న దగ్గర, పన్ను రసీదులు పెదనాన్న దగ్గర, పత్రాల జిరాక్సులు దావణగెరెలో మా నాన్న దగ్గర ఉన్నాయి. వాటాదారులు ఏడుగురు, ఉండేది ఏడు ఊళ్లలో. లోపల అనుభవిస్తున్నది మాత్రం గబ్బిలాలే.

పోయిన పొంగల్‌కి ఊరికి వెళ్లినప్పుడు, ఆ సందు చివర ఉన్న చిన్న చర్చి నుంచి పాస్టర్ గారు, ఆయనతో ఇద్దరు ఆడవాళ్లు చిన్నాన్న ఇంటికి వచ్చారు. అంగడి అద్దెకి అడిగారు. సొంత ఖర్చుతో బాగుచేసుకుని పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా కాఫీ, టీ, ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం తక్కువ ధరకి పెడతామన్నారు. మిల్లుల్లో రిటైరై పగలంతా ఎక్కడ కూర్చోవాలో తెలియని ముసలివాళ్లు, ఆసుపత్రిలో మనిషిని చేర్చి బయట నిలబడే పల్లెటూరి వాళ్లు, వీళ్లకోసం అట. చేతిలో డబ్బు లేనివాళ్లకి ముందే ఎవరో కొని పెట్టిన టోకెన్ ఇస్తారు. ప్రార్థన, ప్రసంగం అక్కడ పెట్టం, అవి చర్చిలోనే అని వాళ్లే ముందుగా చెప్పారు.

చిన్నాన్న కాఫీ ఇచ్చి, నవ్వుతూ సాగనంపాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఆ రాత్రి నుంచి మొదలైంది. "చర్చికా? మన అంగడా?" అని ఒకరు. "ఒకసారి ఇచ్చామంటే మళ్లీ మన చేతికి రాదు" అని ఇంకొకరు. (ఆ భయం ఏ అద్దెదారుడి మీదైనా ఉండేదే, చర్చి అనేసరికి గొంతు పెరిగింది.) "మంచి పనే కదా, ఇస్తే ఏం పోయింది" అని చికాగోలో ఉండే అక్క. "నీకేం, నువ్వు అక్కడున్నావు" అని ఆమెకి జవాబు. నాలుగు రోజుల తర్వాత పెదనాన్న నన్ను పిలిచి, "నువ్వేదో పాత సంగతులు రాస్తుంటావుగా అమ్మాయ్, దీని గురించి రాయి, అందరూ చదివి ఒక మాట మీదికి వస్తారు" అన్నారు. ఒక మాట మీదికి వస్తారన్న ఆశ నాకు లేదు. రాయడానికి మాత్రం ఒప్పుకున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో ఏదైనా మార్చేముందు, ఇంతకుముందు ఇది ఎలా పనిచేసింది, ఎవరికి పనిచేసింది, ఎవరికి పనిచేయలేదు అని చూస్తాం. అంగడికీ అదే చేశాను. ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. నా చదువు దావణగెరెలో కన్నడ మీడియంలో. తాత పత్తి మిల్లు పనికి అక్కడికి పోయాడు, మేం అక్కడే ఉండిపోయాం. మనవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే అందరూ, చదవగలిగినవాళ్లు తక్కువ. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే కన్నడ అక్షరాలు వాటికి చుట్టాలు కావడం వల్లే. రాతలో తప్పులుంటే ఆ బడి మీద వేయకండి, నా మీదే వేయండి.

అంగడి తలుపు తీసిన రోజు చిన్నాన్న, అత్త, నేను వెళ్లాం. తూకం కొక్కెం పైనే వేలాడుతోంది. గల్లాపెట్టె పక్కన చెక్క బీరువాలో చిట్టాలు నాలుగు దొరికాయి, రెండు చెదలు తినేశాయి. మిగిలిన వాటిలో ఒకటి 1951-52 నాటిది. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. అత్త తమిళం చదువుతుంటే నోటినుంచి తెలుగు వస్తోంది, నేను పక్కన కూర్చుని తెలుగులో రాసుకుంటున్నాను. తమిళ లిపిలో ప-బ లకి ఒకే అక్షరం, క-గ లకీ ఒకటే. కాబట్టి ప్రతి మాటా అత్త రెండుసార్లు నోట్లో తిప్పి చూడాల్సి వచ్చింది. పత్తి మూటలు, బండి కూలి, దీపానికి కిరోసిన్, దేవుడికి సాంబ్రాణి. రోజూ ఒక పద్దు ఉంది, కాఫీ ఖర్చు. దాన్ని చూసి ముగ్గురం సంతోషపడ్డాం. తాత వాళ్ల నాన్న వచ్చిన ప్రతి రైతుకీ కాఫీ ఇచ్చేవాడని ఇంట్లో చెప్పుకునే మాట అబద్ధం కాదన్నమాట.

చివరి పేజీలో సామాన్ల లెక్క. బెంచీలు 2, తూకపు రాళ్లు, చాపలు. అక్కడ అత్త ఆగింది. "పయటి క్లాసు నాలుగు" అని చదివి, మళ్లీ చదివి, "బయటి గ్లాసులు" అంది. దాని పై వరసలో "లోపలి లోటాలు 8".

ఇంక విడమరచి చెప్పక్కర్లేదు. అత్తకి అప్పటికి ఆరేడేళ్లు ఉంటాయేమో, ఆమెకి గుర్తుంది. మూటలు మోసేవాళ్లు కాలవ పక్కన గొంతుక్కూర్చుని తాగేవాళ్లు. కాఫీ పైనుంచి పోసేవాళ్లు. తాగాక వాళ్లే కడుక్కుని, తలుపు బయట గోడకి కొట్టిన మేకుకి తగిలించి పోయేవాళ్లు. మేకు ఇంకా అక్కడే ఉంది, నేను చేత్తో పట్టుకుని చూశాను. "ఆ రోజుల్లో అందరూ అంతే" అన్నాడు చిన్నాన్న. నిజమే, అందరూ అంతే. తమిళనాట, ఆంధ్రలో టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి అని దానికి ఒక పేరే ఉంది. అది మన అమ్మల కాలం దాకా, కొన్ని పల్లెల్లో ఇంకా ఇటీవలి దాకా నడిచినట్టు ఎన్నోసార్లు పత్రికల్లో వచ్చింది.

కానీ ఆ చిట్టా ఏడాది చూడండి, 1951-52. అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. పదిహేనో అధికరణంలో రెండో భాగం ఇంకా వివరంగా, షాపులు, జనం తినే హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరునా చెప్పి, కులం పేరుతో ఎవర్నీ అక్కడ అడ్డుకోకూడదంది. దీని మీద 1948 నవంబరులో రాజ్యాంగ సభలో చర్చ జరిగింది. షాపు అంటే ఏమిటి, మంగలి అంగడి, చాకలి అంగడి అందులోకి వస్తాయా అన్న సందేహం వచ్చింది. అంబేడ్కర్ గారు షాపు అన్న మాటని చాలా విశాలంగా తీసుకోవాలన్నారు. తన దగ్గరికి వచ్చి అడిగిన ఎవరికైనా పని చేసిపెట్టడానికి సిద్ధపడి కూర్చున్న చోటు ఏదైనా షాపేనని ఆయన ఉద్దేశం. ఆ లెక్కన మా ముత్తాతది పత్తి అంగడే అయినా, కాఫీ పోసేటప్పుడు అది కాఫీ అంగడి కూడా.

అప్పుడు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? మన ఊరి మనిషే, పి.ఎస్. కుమారస్వామి రాజా గారు. పూసపాటి వారు. అటు విజయనగరం రాజావారి ఇంటిపేరూ అదే. 1898లో రాజపాళయంలో పుట్టారు. 1949 ఏప్రిల్‌లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారి తర్వాత, కామరాజ్ వర్గం మద్దతుతో పదవిలోకి వచ్చారు. అప్పుడు ఆ పదవిని ప్రీమియర్ అనేవాళ్లు, 1950 జనవరి 26 నుంచి ముఖ్యమంత్రి అయింది. 1952 ఎన్నికల్లో శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. 1954 నుంచి 1956 దాకా ఒరిస్సా గవర్నరు. 1957లో పోయారు. మనవాళ్లు ఎక్కడ కలిసినా ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను. అయితే మన ఊరి గాంధేయవాది మద్రాసులో ముఖ్యమంత్రిగా కూర్చున్న రోజుల్లో, మన ఊళ్లో మన అంగడి గోడకి నాలుగు గ్లాసులు వేలాడుతున్నాయి. ఈ రెండూ ఒకే ఏడాది సంగతులు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు చేతకాలేదు. పెదనాన్న క్షమించాలి.

కాఫీ విషయంలో ఈ గొడవ మన అంగడికి మాత్రం పరిమితం కాదు. తమిళనాట కాఫీ ఇంటింటికీ వచ్చిన కథని చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి ఇంగ్లీషులో ఒక పుస్తకంలో రాశారు. కాఫీ వచ్చిన కొత్తలో దాన్ని పెద్దలు తిట్టిపోశారు, తర్వాత అదే పెద్దరికానికి గుర్తయింది. కాఫీ క్లబ్బులు లేచాయి. వాటిలో ఎవరెక్కడ కూర్చోవాలన్నది పెద్ద పంచాయితీ. రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకి వేరే గది ఉండేది, ఆత్మగౌరవ ఉద్యమం వాళ్ల ఒత్తిడితో 1941లో అది పోయింది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద ఉన్న 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయాలని పెరియార్ మనుషులు నెలల తరబడి రోజూ ఆ హోటలు ముందు నిలబడి అరెస్టయ్యారు. వెయ్యిమంది పైనే జైలుకి పోయాక, మరుసటి ఏడు బోర్డు మారింది. ఒక కప్పు కాఫీ ఎవరు కాచారు, ఎవరి పక్కన కూర్చుని తాగాం అన్నదాని మీద ఇంత జరిగింది. మధ్యలో 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. హోటల్లో, షాపులో ఒకర్ని వేరుగా చూడటం దాని ప్రకారం శిక్ష పడే నేరం. మా చిట్టాలో 1955 తర్వాతి పుస్తకం చెదలు తిన్న రెండింటిలో ఒకటి. గ్లాసులు ఎప్పుడు లోపలికి వచ్చాయో, అసలు వచ్చాయో లేదో చెప్పడానికి కాగితం లేదు. అత్తకి పెళ్లయి వెళ్లేదాకా మేకు ఖాళీగా లేదు, అంతవరకే ఆమెకి తెలుసు.

ఇప్పుడు చర్చి టీ సంగతి. "వాళ్ల చేతి కాఫీ మన అంగడిలోనా" అని ఒకాయన అన్నారు కదా, ఆయనకి పుణె కథ చెప్తాను. 1890 అక్టోబరులో పుణెలో పంచ్ హౌద్ మిషన్ వాళ్లు ఊళ్లో పెద్దమనుషుల్ని ఒక ప్రసంగానికి పిలిచారు. పిలుపు వెళ్లేలా చూసింది గోపాలరావు జోషి. మన దేశం నుంచి అమెరికా వెళ్లి డాక్టరైన మొదటి మహిళ ఆనందీబాయి భర్త ఆయన. కొంటెవాడు. ప్రసంగం అయ్యాక టీ, బిస్కెట్లు వచ్చాయి. రానడే ఉన్నారు, తిలక్ ఉన్నారు, గోఖలే ఉన్నారు. కొందరు తాగారు, కొందరు మర్యాదకి కప్పు అందుకుని పక్కన పెట్టారు. జోషి గారు వచ్చినవాళ్ల పేర్లన్నీ పత్రికకి ఎక్కించేశాడు. ఊరు రెండుగా చీలింది. ఛాందసులు శంకరాచార్యుల దాకా వెళ్లారు, విచారణకి ఒక కమిషన్ కూర్చుంది. హైకోర్టు జడ్జీ స్థాయి మనిషి రానడే 1892లో ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సి వచ్చింది. తాను కాశీలో ఎప్పుడో చేసుకున్నానని తిలక్ వాదించారు. ఒక్క కప్పు టీకి రెండేళ్ల పంచాయితీ! ఇది చదివి నేను మొదట బాగా నవ్వుకున్నాను. తర్వాత మన గ్రూపులో వచ్చిన మెసేజులు లెక్కపెట్టాను, మూడువందల పైన ఉన్నాయి. ఇంకా కప్పు కాఫీ కూడా ఎవరూ తాగకముందే.

చర్చి అనేది మన సీమకి కొత్తగా వచ్చిందీ కాదు. 1854 నుంచి ఉత్తర తిరునెల్వేలిలో, శివకాశి చుట్టుపక్కల, రాగ్లండ్ అనే మిషనరీ, ఆయనతో ఇంకొందరు డేరాలు వేసుకుని ఊరూరా తిరిగారు. ఆయన 1858లో శివకాశిలోనే చనిపోయారు. అంటే మన జిల్లా పల్లెల్లో వాళ్ల లెక్క నూట డెబ్భై ఏళ్లది. మనం వచ్చింది విజయనగరం, నాయకరాజుల కాలాల్లో కాబట్టి మనం ఇంకా పాత, నిజమే. కానీ ఇద్దరం ఎక్కడినుంచో వచ్చినవాళ్లమే. పైగా ఆ చర్చిలో ఇవాళ కూర్చునేవాళ్లు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కారు. మనకంటే ముందునుంచీ ఈ మట్టి మీద ఉన్నవాళ్ల పిల్లలు.

చర్చివాళ్లు ఖాళీ కొట్టు తీసుకుని కాఫీ పెట్టడం అనే పద్ధతి ఎక్కడిదని వెతికితే, లండన్‌లో దొరికింది. 1872లో తూర్పు లండన్ లైమ్‌హౌస్‌లో డబ్లిన్ నుంచి వచ్చిన బర్నార్డో అనే యువకుడు 'ఎడిన్‌బరో క్యాజిల్' అనే పెద్ద సారా దుకాణం ఎదురుగా డేరా వేసి ప్రసంగాలు పెట్టాడు. అనాథ పిల్లల ఆశ్రమాలతో తర్వాత పేరు తెచ్చుకున్న బర్నార్డోనే ఆయన. కొన్నాళ్లకి ఆ దుకాణమే అమ్మకానికి వచ్చింది. చందాలు పోగుచేసి కొనేశాడు. 1873లో అదే భవనం కాఫీ ప్యాలెస్‌గా తెరుచుకుంది. అద్దాలు, దీపాలు, కుర్చీలు సారా దుకాణంలో ఉన్నంత హంగుగానే ఉంచారు, సీసాలు మాత్రం పోయాయి. కూలిపని చేసేవాడికి సాయంత్రం పూట వెచ్చగా కూర్చునే చోటు సారా దుకాణం ఒక్కటే అయితే, తాగొద్దని ఎంత చెప్పినా లాభం లేదని ఆయనకి అర్థమైంది. ఇలాంటి కాఫీ ఇళ్లు ఇంగ్లండంతా వచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లలకి విండ్సర్ హోటలు తెలిసే ఉంటుంది. 1883లో కట్టిన ఆ హోటల్ని మద్యనిషేధ ఉద్యమ నాయకుడు జేమ్స్ మన్రో 1886లో కొని గ్రాండ్ కాఫీ ప్యాలెస్ చేశాడు. కొన్నేళ్లకే అది మళ్లీ మద్యం లైసెన్సు తీసుకుంది.

అవి ఎందుకు నిలవలేదు? ఉద్దేశం మంచిదే, కాఫీ బాలేదు. అప్పటి పత్రికల్లో ఈ ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నీళ్ల కాఫీ, ఎండిన రొట్టె, పైన నీతిబోధ. సేవ చేస్తున్నాం కదా, రుచి ఎలా ఉన్నా తాగుతారులే అనుకున్నారు. నాలుగు వందల మైళ్ల పరిధిలో ఎక్కడైనా సరే, మంచి డికాక్షన్ లేని హోటల్లోకి మనవాళ్లు రెండోసారి అడుగు పెట్టరు. లండన్ కూలివాడూ అంతే. ఇది పాస్టర్ గారికి చెప్పాలని రాసి పెట్టుకున్నాను.

ఇంకోటి అమెరికాది, వాషింగ్టన్‌లో కొలంబియా రోడ్డు మీద. 1960లో చర్చ్ ఆఫ్ ది సేవియర్ అనే చిన్న సంఘం 'పాటర్స్ హౌస్' అనే కాఫీ ఇల్లు తెరిచింది. ఆ సంఘం పాస్టర్ గోర్డన్ కాస్బీ ఒకసారి ఊరు కాని ఊళ్లో ఒక రాత్రి బస చేశాడు. చూసివచ్చిన చర్చి నీరసంగా ఉంది, బస కింద ఉన్న తాగుడు అంగడి మాత్రం నవ్వులతో సందడిగా ఉంది. జనం నిజంగా కూర్చునేది అలాంటి చోటే, మనమూ అక్కడే ఉండాలి అనిపించిందట. సంఘంలోవాళ్లే జట్లుగా, వారంలో ఒక్కో రాత్రి ఒక్కో జట్టు వచ్చి వడ్డించేవాళ్లు. అరవై ఏళ్లు దాటినా ఆ ఇల్లు పుస్తకాల షాపుతో కలిసి నడుస్తోంది. చికాగో అక్క ఒకసారి వెళ్లి తాగి, ఎలా ఉందో చెప్తే బాగుంటుంది.

మన దేశంలో కాఫీ ఇళ్లు ఇలా చేతులు మారిన కథకి చర్చితో పనిలేదు. కాఫీ బోర్డు 1957లో తన కాఫీ హౌసులు మూసేసి పనివాళ్లని తీసేస్తుంటే, ఎ.కె. గోపాలన్ సాయంతో ఆ పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. మొదటి సంఘం బెంగళూరులోనే. ఎం.జి. రోడ్డులో ఉన్న వాళ్ల కాఫీ హౌస్ 2009లో ఖాళీ చేయాల్సి వచ్చి చర్చ్ స్ట్రీట్‌కి మారింది. నేను శనివారం సాయంత్రాలు వెళ్లేది అక్కడికే. ఎదురు కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుంటారు, పేపరు పంచుకుంటాం, లేచి వెళ్లిపోతాం. ఎవరని అడగం. ఈ ఊళ్లో దర్శినులైతే కుర్చీలే లేవు, నిలబడి తినడమే. ఎవరి పక్కన కూర్చున్నామన్న గొడవే లేకుండా పోయింది, అదొక లాభం.

రాజపాళయంలో మాత్రం ఇల్లు ఊరికి ఇచ్చేయడం అన్నది మనవాళ్లకి తెలియని సంగతి కాదు. కుమారస్వామి రాజా గారు తన సొంత ఇంటినే గాంధీ కళా మన్రానికి ఇచ్చేశారు. ముఖ్యమంత్రి చేసిన మనిషి, గవర్నరు చేసిన మనిషి, కూర్చుని తిన్న ఇల్లు ఊరు వచ్చి కూర్చునే చోటయింది. 1936లో రాజపాళయం మిల్స్ వచ్చాక ఊరు మారిపోయింది. షిఫ్టుల లెక్కన టీ అంగళ్లు పుట్టాయి, రాత్రి పన్నెండుకి కూడా వేడి టీ దొరికే ఊరయింది. ఆ మిల్లు షిఫ్టుల్లో వయసు అరగదీసుకున్నవాళ్లే ఇప్పుడు కూర్చునే చోటు కోసం చూస్తున్న ముసలివాళ్లు.

పొరుగున విరుదునగర్ కథ కూడా మనకి తెలిసిందే. అక్కడి నాడార్లు వ్యాపారంలో ప్రతి మూట మీదా కొంత మహిమై అని తీసి ఉమ్మడి నిధి పెట్టుకున్నారు, దానితో బావులు, పేటలు, బడులు కట్టారు. కామరాజ్ చదివిన క్షత్రియ విద్యాశాలకి ఇంటింటా రోజుకో పిడికెడు బియ్యం తీసి ఇచ్చేవాళ్లు. వంటకి బియ్యం కొలిచేటప్పుడే ఒక పిడికెడు వేరే కుండలో వేయడం. చర్చి ఆడవాళ్లూ ఇదే పద్ధతిలో బియ్యం పోగుచేస్తారని ఆ రోజు వచ్చిన ఆమె చెప్పింది. సాంబారన్నం లెక్క ఎలా నడుస్తుంది అని చిన్నాన్న అడిగినదానికి ఆమె ఇచ్చిన జవాబు అది.

ఆమె గురించి ఒక మాట రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. వెళ్లేముందు గుమ్మం దగ్గర, తమిళంలో, మామూలుగా అంది, "మా తాత మీ అంగడిలోనే మూట మోశాడమ్మా. అందుకే అది ఖాళీగా ఉందని తెలుసు, పిల్లప్పుడు నాకు చూపించాడు." ఇంకేం అనలేదు. అప్పటికి మేం చిట్టా తెరవలేదు, మేకు సంగతి నాకు తెలియదు. చిన్నాన్నకి తెలుసేమో, తల వంచుకుని కాఫీ గ్లాసులు ఏరుతున్నాడు. స్టీలు గ్లాసులు, అందరికీ ఒకే రకం.

నా అభిప్రాయం అడిగితే, ఇవ్వాలి. దానం కాదు, అద్దెకే. వాళ్లు దానం అడగలేదు. అద్దె తీసుకుంటేనే ఇద్దరికీ మర్యాద, కాగితం మీద హక్కులు ఇద్దరికీ తెలుస్తాయి. మతం గురించి భయపడేవాళ్లకి, ప్రసంగం ఉండదన్న మాట ఒప్పందంలోనే రాయించుకుందాం, వాళ్లే ఇచ్చిన మాట కదా. మనం కూడా ఒకటి రాసివ్వాలి, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని రానివ్వకూడదో ఇంటివాళ్లుగా మనం చెప్పం అని. ఈ రెండో షరతు రాసినప్పుడు గ్రూపులో ఒక పూటంతా ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడిదాకా మొదట పంపిన వ్యాసం. ఇప్పుడు అయినంతవరకు ఏమైందో చేరుస్తున్నాను.

ఏడుగురిలో ఆరుగురు సంతకం చేశారు. ఏడో ఆయన చేయనన్నారు, కానీ అడ్డుపడనని పెదనాన్నకి ఫోన్లో చెప్పారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనకండి, ఆయన వాటా అద్దె ఆయన ఖాతాలోనే పడుతుంది. పదకొండు నెలల ఒప్పందం, మళ్లీ రాసుకోవచ్చు. రెండు షరతులూ ఉన్నాయి. పెదనాన్న మూడోది చేర్చారు, తూకం కొక్కెం తీయకూడదని. మునిసిపాలిటీ లైసెన్సు, కరెంటు కనెక్షను పేరు మార్పు వాళ్లే చూసుకున్నారు. ఆహార భద్రతా రిజిస్ట్రేషను ఇంత చిన్న అంగడికి ఏడాదికి వంద రూపాయలేనట, నేను ఆన్‌లైన్లో నింపి ఇచ్చాను. ఫారం మూడుసార్లు ఎర్రర్ ఇచ్చింది, ఎవరు టెస్ట్ చేశారో గానీ.

మేకు గురించి. దాన్ని ఉంచాలా తీయాలా అని అత్తా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఉంచితే ఎవరికోసం, తీస్తే ఎవరికోసం అని. ఇంతలో మేస్త్రీ పాత సున్నం గీకేటప్పుడు దాన్ని పీకి చెత్తలో వేసేశాడు, గోడ నున్నగా పూసేశాడు. చిన్నాన్న చూసేసరికి అయిపోయింది. చిట్టా మాత్రం నా దగ్గర ఉంది, ఆ పేజీ ఫోటో అందరికీ పంపాను.

తెరిచిన రోజు నేను లేను, రిలీజు ఉండి సెలవు దొరకలేదు. చిన్నాన్న వెళ్లాడు. కాఫీ పది రూపాయలు, తాటిబెల్లం కాఫీ పన్నెండు, ఇడ్లీ ఒక్కోటి ఆరు. డికాక్షన్ బాగుందట, చట్నీలో ఉప్పు ఎక్కువైందట, అది ఆమెకే చెప్పి వచ్చాడట. లోపల పెట్టిన రెండు బెంచీలూ మన పాతవే, కాళ్లకి కొత్త చెక్క వేశారు. ఇంకో నాలుగు కుర్చీలు కావాలంటున్నారు. ఎవరింట్లోనైనా వాడనివి ఉంటే చిన్నాన్నకి చెప్పండి. అంగడి ముందు తాత నిలబడ్డ ఫోటో ఒకటి ఉండేదని అత్త అంటోంది. తలుపు, బయట గోడ కనిపించే ఫోటో. అది ఎవరి దగ్గరుందో చూసి, ఉంటే వెనకవైపు ఏం రాసుందో అదీ కలిపి ఫోటో తీసి పంపండి. తమిళ అక్షరాల్లో ఉన్నా పరవాలేదు, అత్త చదివిపెడుతుంది.